కళ్ళకు గంతలు కడితే తెలిసేది అంధత్వమేనా?

వేణువనం
చూపు లేనివారు ప్రపంచాన్ని ఎలా గ్రహిస్తారో చూపున్నవారికి తెలియజేసే కార్యక్రమం ఒకటి వచ్చే నెల మా కార్యాలయంలో జరగబోతోంది. దానిని నిర్వహించే బాధ్యత నాకు అప్పగించారు. అందరి కళ్ళకూ గంతలు కట్టి, పావుగంట పాటు గదిలో నడవమని, కుర్చీ వెతుక్కుని కూర్చోమని, గ్లాసులోకి నీళ్ళు ఒంపుకోమని చెప్పాలనుకున్నాను. మా విభాగంలో పుట్టుకతో చూపు లేని సహోద్యోగి ఒకరున్నారు. ఆమె చేత ప్రారంభోపన్యాసం ఇప్పిద్దామని అడిగితే, "గంతలు కట్టే పనైతే నేను రాను" అని ఒక్క మాటలో చెప్పేశారు. కారణం అడగడానికి మొహమాటం అడ్డొచ్చింది. మంచి మనసుతో తలపెట్టిన పనికి ఇలాంటి జవాబు రావడం నన్ను నొప్పించిన మాట నిజం. ఇందులో తప్పేముందో, తప్పే అయితే దీనికి బదులు ఏం చేయవచ్చో తెలిసినవారు చెప్పగలరు.

ఆరుచుక్కలు
నేనూ పుట్టుకతో చూపు లేనివాణ్ణే. మీ సహోద్యోగి మనసులో ఏముందో నేను చెప్పలేను గానీ, నన్నడిగినా అదే జవాబు చెప్పి ఉండేవాణ్ణి. గంతలు కట్టుకున్న మనిషికి తెలిసేది చీకటి. నాకు చీకటంటే ఏమిటో తెలియదు, ఎందుకంటే చీకటిని చూడాలన్నా కళ్ళు పనిచేయాలి. వలసపోయే పక్షులకు భూమి అయస్కాంత క్షేత్రం తెలుస్తుంది, దాని సాయంతో అవి దిక్కు పట్టుకుంటాయి. ఆ ఇంద్రియం మీకు లేదు. లేదు కాబట్టి మీకు రోజంతా ఏదో నల్లగా, వెలితిగా అనిపిస్తోందా? దాని ప్రమేయం లేకుండానే మీ లోకం నిండుగా ఉంది. నాదీ అంతే.

పావుగంట తరువాత గంతలు విప్పినవారు ఏమంటారో నాకు కంఠతా వచ్చు. "అబ్బా, ఎంత కష్టం, పాపం!" అంటారు. ఆ పావుగంటలో వారికి అర్థమైనది చూపు పోయిన మొదటి పావుగంట మాత్రమే. ఈత రాని మనిషిని నీళ్ళలోకి తోసి, పైకి లాగి, "చేప బతుకు ఎలా ఉంటుందో తెలిసిందా?" అని అడిగితే ఆ మనిషి ఏం చెబుతాడు?

పాతపుస్తకం
పైన చెప్పిన మాటకు ఆధారం కూడా ఉంది. ఏరియెల్ సిల్వర్మన్ అనే పరిశోధకురాలు, ఆమె కూడా చూపు లేనివారే, 2015లో సహచరులతో కలిసి ఒక అధ్యయనం ప్రచురించారు. కాసేపు గంతలు కట్టుకుని పనులు చేసినవారు ఆ తరువాత చూపు లేనివారి గురించి, వీరు ఉద్యోగం చేయడానికీ స్వతంత్రంగా జీవించడానికీ అంతగా సమర్థులు కారని అంచనా వేశారు. అసలు గంతలే కట్టుకోనివారి అంచనా అంత తక్కువగా లేదు. వేణువనం గారూ, మీ సహోద్యోగి భయం ఇదే అయి ఉండవచ్చు. కార్యక్రమం ముగిసిన మర్నాడు ఆమె ఆ మనుషుల మధ్యనే పనిచేయాలి.

మలిసంధ్య
ఆరుచుక్కలు గారు చెప్పినది ఆయన విషయంలో నిజం, నా విషయంలో కాదు. నాకు 34వ ఏట గ్లకోమా వల్ల చూపు పోయింది. నాకు "ఏమీ లేదు" అన్న స్థితి ఇంతవరకూ అనుభవంలోకి రాలేదు. కళ్ళ ముందు ఎప్పుడూ బూడిదరంగు వెలుగు ఒకటి మెల్లగా కదులుతూ ఉంటుంది, అలసిపోయిన రోజున అందులో ఊదారంగు మరకలు తేలుతాయి. చూపు పోయిన తొలి ఏడాది దానికి తోడు గోడల నిండా జాలీ అల్లిక లాంటి గళ్ళు కనబడేవి, కొన్నిసార్లు చిన్న చిన్న మనుషులు టోపీలు పెట్టుకుని వరుసగా నడిచి వెళ్ళేవారు. మతి చలిస్తోందేమోనన్న భయంతో ఏడు నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరికి వైద్యుడికి చెబితే, దీనిని చార్లెస్ బానె సిండ్రోమ్ అంటారని, బానె అనే ఆయన 1760లోనే తన తాతగారికి ఇలా జరుగుతోందని రాసిపెట్టాడని, కళ్ళ నుంచి సమాచారం అందని మెదడు తనంతట తాను బొమ్మలు కల్పించుకుంటుందని, దీనికీ మతికీ సంబంధం లేదని చెప్పారు. ఆ రోజు ఇంటికి వచ్చి చాలాసేపు ఏడ్చాను, ఉపశమనంతో.

కలల్లో నాకు ఇప్పటికీ చూపు ఉంది. మా అమ్మాయి ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది, కలలో మాత్రం ముందు పాలపళ్ళు రెండు ఊడిన నవ్వుతోనే వస్తుంది. నేను చివరిగా చూసిన ముఖం అదే.

ఆరుచుక్కలు
మలిసంధ్య గారూ, మీరు చెప్పినది నాకు కొత్త. నా కలల్లో గొంతులు, నడిచే నేల, చేతిలో ఎవరో పెట్టిన వస్తువు బరువు, ఎక్కడికో ఆలస్యమవుతోందన్న కంగారు ఉంటాయి. బొమ్మ ఉండదు. మనిద్దరినీ ఒకే మాటతో పిలుస్తారు గానీ, ఈ విషయంలో మీరు నాకన్నా వేణువనం గారికి దగ్గరగా ఉన్నారేమో.

సొరంగం
ఆ "ఒకే మాట" గురించి నేనూ చెప్పాలి. చూపు లేనివారిగా లెక్కకు వచ్చేవారిలో ఎక్కువమందికి ఎంతో కొంత చూపు ఉంటుంది. మామూలు కన్ను 60 మీటర్ల నుంచి గుర్తుపట్టేదాన్ని 3 మీటర్ల దగ్గరకు వెళ్ళినా గుర్తుపట్టలేకపోతే అంధత్వంగా లెక్కిస్తారు, అంటే వెలుతురు, నీడ, రంగు తెలిసేవారు కూడా ఆ లెక్కలోకి వస్తారు. నాది రెటినైటిస్ పిగ్మెంటోసా. మొదట రాత్రి చూపు పోయింది, తరువాత అంచులు పోతూ వచ్చాయి, ఇప్పుడు మధ్యలో చిన్న గుండ్రటి కిటికీ మిగిలింది. ఆ కిటికీలోంచి ఫోనులో అక్షరాలు చదవగలను. కాళ్ళ దగ్గరున్న బల్ల మాత్రం కనబడదు. చేతిలో తెల్లకర్ర పట్టుకుని ఫోను చదువుతుంటే, నేను నటిస్తున్నానని ఒకాయన నలుగురిలో గట్టిగా అన్నాడు. మీ గంతల కార్యక్రమంలో నాలాంటివారికి చోటెక్కడ?

తర్కశాస్త్రి
గంతల ప్రయోగాన్ని మొత్తంగా కొట్టిపారేయడం సరికాదని నా అభిప్రాయం. కర్రతో నడక నేర్పే శిక్షకులు, తమకు చూపుంటే, కళ్ళకు గంతలు కట్టుకునే ఆ విద్య నేర్చుకుంటారని విన్నాను. వారికి పనికివచ్చేది ఇతరులకు ఎందుకు పనికిరాదు?

ఇంకొక మాట నిష్కర్షగా అంటాను, ఎవరూ నొచ్చుకోవద్దు. అంధగజ న్యాయం ఊరికే పుట్టలేదు. చెవిని తాకినవాడు చేట అంటాడు, కాలిని తాకినవాడు స్తంభం అంటాడు, తోక పట్టుకున్నవాడు తాడు అంటాడు. స్పర్శ ముక్కలను ఇస్తుంది, చూపు మొత్తాన్ని ఒక్కసారిగా ఇస్తుంది. ఈ తేడాను ఒప్పుకోకుండా అవగాహన ఎలా వస్తుంది?

ఆరుచుక్కలు
నొచ్చుకోలేదు, తర్కశాస్త్రి గారూ. ఆ కథ నన్ను చిన్నప్పటి నుంచీ వెంటాడుతోంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఆ మనుషులు ఒకచోట చెయ్యి వేసి అక్కడే ఎందుకు ఆగిపోయారో నాకు ఎన్నడూ అర్థం కాలేదు. చూపు లేని ఏ మనిషీ వస్తువును అలా తాకడు.

కొత్త కుర్చీ ఎదురైతే నేనేం చేస్తానో చెబుతాను. ముందు మోకాలికి అంచు తగులుతుంది. కూర్చునే చోటును చేతి వెనుకభాగంతో తుడిచినట్టు తాకి, అక్కడ ఎవరైనా ఏమైనా పెట్టారేమో తెలుసుకుంటాను. తరువాత చెయ్యి వీపు ఆనించే పలక మీదికి పాకుతుంది, దాని పై అంచు వెంబడి ఆ చివర నుంచి ఈ చివరకు వెళుతుంది, అక్కడి నుంచి దిగి, చేతులు ఆనించుకునే కమ్మీలున్నాయో లేవో చూసుకుంటుంది. ఈలోగా రెండో చెయ్యి, బయల్దేరిన అంచును వదలకుండా పట్టుకునే ఉంటుంది, ఎందుకంటే ప్రతి భాగాన్నీ ఆ గురుతు నుంచే కొలవాలి. మూడు నాలుగు సెకన్లలో కుర్చీ మొత్తం నాలో నిలబడుతుంది, వెనుకవైపుతో సహా. మీ చూపు ఒక్కసారిగా ఇచ్చేది మీకు ఎదురుగా ఉన్న వైపునే కదా, వెనుకవైపును మీరు కూడా ఊహించుకుంటారు.

బ్రెయిలీ కూడా ఇంతే. చుక్క అర మిల్లీమీటరు ఎత్తు ఉంటుంది, చుక్కకూ చుక్కకూ మధ్య రెండున్నర మిల్లీమీటర్లు. వేలిని అక్షరం మీద కదలకుండా ఆపితే ఆ చుక్కలు మసకబారిపోతాయి. వేలు జరుగుతుంటేనే అక్షరం పలుకుతుంది. లూయీ బ్రెయిలీ 1824లో, పదిహేనేళ్ళ వయసులో, ఆరు చుక్కల గడిని తయారుచేశాడు. అంతకుముందు షార్ల్ బార్బియే అనే సైనికాధికారి తయారుచేసిన లిపిలో గడికి పన్నెండు చుక్కలుండేవి, అవి వేలి కొన కిందికి ఒకేసారి ఇమిడేవి కావు. వేలు ఎలా చదువుతుందో తన వేలితోనే ఎరిగిన పిల్లవాడు దానిని సగానికి తగ్గించాడు.

అయితే మీ మాటలో నేను ఒప్పుకునే భాగం ఉంది. కొండ, మేఘం, మంట, సాలెగూడు నా చేతికి అందవు. అందుకున్నా కాలుతాయి, లేదా తెగిపోతాయి. అక్కడ నాకు మాటలే ఆధారం.

చేతికర్ర
తర్కశాస్త్రి గారు ప్రస్తావించిన శిక్షకుల్లో నేనొకణ్ణి. ఆయన విన్నది నిజం, కానీ మేము గంతలు కట్టుకునేది పావుగంట కాదు. వారాల తరబడి, పక్కన గురువు ఉండగా, చేతిలో కర్రతో, ఒక్కొక్క మెళకువ నేర్చుకుంటూ కట్టుకుంటాం. మొదటి రోజు అందరికీ భయమే వేస్తుంది. రెండో వారం మధ్యలో ఎప్పుడో ఒక మార్పు వస్తుంది. వసారాలో నడుస్తుంటే, పక్కన మూసిన గోడ ఉన్నంతసేపూ కర్ర చప్పుడు దగ్గరగా, గట్టిగా వినిపిస్తుంది. తెరిచిన తలుపు రాగానే ఆ చప్పుడు అందులోకి జారిపోతుంది. తలుపు దాటగానే మళ్ళీ గోడ చెవి పక్కకు వచ్చి నిలబడుతుంది. ఆ తేడా నాకు మొదటిసారి తెలిసిన చోటును ఇప్పటికీ మరచిపోలేదు. అక్కడికి చేరకముందే గంతలు విప్పేసిన మనిషికి భయం ఒక్కటే గుర్తుంటుంది.

చాలామంది చూపు లేనివారు, గోడ దగ్గరకు వస్తే నుదుటి మీద ఏదో ఒత్తినట్టు తెలుస్తుందని చెప్పేవారు. దానికి "ముఖదృష్టి" అన్న అర్థంలో ఒక పేరు కూడా పెట్టారు. 1944లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు అంధులతోనూ, గంతలు కట్టుకున్న ఇద్దరు చూపున్నవారితోనూ పరీక్షలు చేశారు. ముఖాన్ని కప్పేసి చెవులు వదిలేస్తే అడ్డు వస్తున్న సంగతి వారికి తెలిసింది. చెవులు మూసేస్తే నలుగురూ వెళ్ళి అడ్డుకు గుద్దుకున్నారు. నుదురు చెబుతున్నదనుకున్నది నిజానికి చెవి చెబుతోంది. చూపున్న ఇద్దరూ కొంత సాధన తరువాత ఆ పని నేర్చుకోగలిగారన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

నిశితం
అంటే, చూపు లేనివారికి వినికిడి పుట్టుకతోనే ఎక్కువగా ఉంటుందనడం సరికాదా? మా ఇంట్లో అందరూ అలాగే నమ్ముతారు.

చేతికర్ర
చెవి అదే చెవి. వినికిడి పరీక్ష చేస్తే మీకు వినబడనంత మెల్లని చప్పుడు వారికి వినబడదు. వచ్చిన శబ్దంలోంచి ఏం ఏరుకోవాలన్నది సాధనతో వస్తుంది. గాలి హోరులోనో, గొడుగు మీద వాన దడదడలాడుతున్నప్పుడో ఆ ఏరుకునే పని తలకిందులవుతుంది. నా దగ్గర నేర్చుకునేవారిలో ఒకరు, గొడుగు విప్పితే తనకు కళ్ళకు గంతలు కట్టినట్టు ఉంటుందని, తడిసినా సరే గొడుగు వద్దని అంటారు.

పాతపుస్తకం
చెవి మారకపోయినా మెదడు మారుతుంది. చిన్నతనంలోనే చూపు పోయినవారు వేలితో బ్రెయిలీ చదువుతున్నప్పుడు, మామూలుగా చూపుకు కేటాయించి ఉండే మెదడు భాగం చురుకుగా పనిచేస్తుందని 1996లో ప్రచురించిన పరిశోధన చూపించింది. ఆ స్థలం ఖాళీగా పడి ఉండదు.

తర్కశాస్త్రి గారి ప్రశ్నకు సంబంధించిన మరో పాత చర్చ కూడా ఉంది. 1688లో విలియం మాలిన్యూ అనే ఐరిష్ పండితుడు ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్‌కు ఉత్తరం రాస్తూ, పుట్టుకతో అంధుడైన మనిషి చేత్తో తాకి బంతినీ ఘనాన్నీ గుర్తుపట్టగలడు, అతనికి హఠాత్తుగా చూపు వస్తే తాకకుండా చూసి ఏది ఏదో చెప్పగలడా అని అడిగాడు. చెప్పలేడని లాక్ కూడా భావించాడు. 2011లో పవన్ సిన్హా అనే శాస్త్రవేత్త బృందం, శస్త్రచికిత్సతో అప్పుడే చూపు వచ్చిన ఐదుగురు పిల్లలను పరీక్షించింది. చేత్తో తాకిన వస్తువు, కంటికి కనబడుతున్న వస్తువు ఒకటేనని వారు వెంటనే పోల్చుకోలేకపోయారు. కొద్ది రోజుల్లోనే పోల్చుకోవడం నేర్చుకున్నారు. అంటే చూపు కూడా మొత్తాన్ని ఒక్కసారిగా ఇవ్వదు, దానికీ అభ్యాసం కావాలి. మనందరికీ అది ఊహ తెలియని వయసులో జరిగిపోయింది కాబట్టి గుర్తులేదు.

తర్కశాస్త్రి
ఈ చివరి విషయం నాకు తెలియదు. అంధగజ న్యాయం గురించి అన్న మాటను వెనక్కు తీసుకుంటున్నాను. గంతల విషయంలో మాత్రం, చేతికర్ర గారు చెప్పినట్టు వారాల తరబడి అయితే మేలే చేస్తుందన్న అభిప్రాయం మారలేదు.

బుజ్జాయి_అమ్మ
మా పాపకు ఏడేళ్ళు, పుట్టుకతో చూపు లేదు. ఈ చర్చ చదువుతుంటే రెండు సంగతులు గుర్తొచ్చాయి. ఒకసారి వాళ్ళ నాన్న దూరంగా నడిచి వెళుతుంటే, "నాన్న ఎంత చిన్నగా కనబడుతున్నారో" అని నేను పైకే అనేశాను. పాప బెదిరిపోయి, "మళ్ళీ పెద్దవుతారా?" అని అడిగింది. దూరం వెళితే చిన్నగా కనబడటం చూపున్నవారి కంటిలో జరిగే విషయమని దానికి ఎలా చెప్పను? చివరికి, "నాన్న దూరం వెళితే గొంతు చిన్నగా వినబడుతుంది కదా, గొంతు నిజంగా చిన్నదైపోయిందా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "అయితే మీ కళ్ళు కూడా వింటాయన్నమాట" అంది.

రెండోది గాజు కిటికీ. నేను లోపలి నుంచి చూసి బయట పిల్లి ఉందన్నాను. పాప గాజు మీద రెండు అరచేతులూ పెట్టి, "ఇక్కడ గోడ ఉంది కదమ్మా, అవతలున్న పిల్లి నీకెలా తెలిసింది?" అని అడిగింది. చేతికి గాజైనా ఇటుకైనా గోడే. చూపు గోడలోంచి దూరిపోతుందన్న సంగతి దానికి పెద్ద వింత. చూపున్నవారికి మా ప్రపంచం అర్థం కావాలని అందరూ అంటారు గానీ, నా బిడ్డ రోజంతా చూపున్నవారి ప్రపంచాన్ని అర్థం చేసుకునే పనిలోనే ఉంటుంది.

నిశితం
బుజ్జాయి అమ్మగారూ, పాప మాట నాకు రోజంతా గుర్తుండిపోయింది. నాదొక సందేహం. చూపు లేనివారితో మాట్లాడేటప్పుడు "చూశారా", "చూడండి" అనవచ్చా? ఆ మాట నోటిదాకా వచ్చి నేను తడబడిపోతుంటాను.

మలిసంధ్య
నిరభ్యంతరంగా అనండి. మన భాషలో చూడటం కంటికి మాత్రమే కట్టుబడిన పని కాదు. రుచి చూస్తాం, వాసన చూస్తాం, ముట్టి చూస్తాం, వైద్యుడు నాడి చూస్తాడు, చెప్పులు కొనేముందు వేసుకుని చూస్తాం. నేనూ వార్తలు చూశాననే అంటాను. మీరు తడబడినప్పుడే ఇబ్బందంతా.

ఆరుచుక్కలు
మలిసంధ్య గారి మాటే నా మాట. నన్ను ఇబ్బంది పెట్టే మాటలు వేరే ఉన్నాయి. "అదిగో", "ఇదిగో", "అక్కడ", "ఇటు". అదిగో అన్న మాటలో వేలు దాగి ఉంది, ఆ వేలు నాకు కనబడదు. "మీ కుడిచేతికి జానెడు దూరంలో గ్లాసు ఉంది" అంటే చాలు. గ్లాసు నా చేతిలో ఉన్నట్టే. దారి దాటించేటప్పుడు నా చెయ్యి పట్టుకుని లాగకండి, మీ మోచెయ్యి నాకు ఇవ్వండి. నేను అర అడుగు వెనుక నడుస్తాను, మెట్టు వస్తే మీ మోచేతి కదలికలోనే నాకు తెలిసిపోతుంది. గదిలోంచి వెళ్ళేటప్పుడు వెళుతున్నానని చెప్పండి. నేను ఖాళీ కుర్చీతో పది నిమిషాలు నా ఉద్యోగపు ఇబ్బందులు చెప్పుకున్న రోజు ఒకటుంది. ఆ కుర్చీలోని మనిషి మర్యాద కోసమే చప్పుడు చేయకుండా వెళ్ళాడట.

సొరంగం
నా విషయంలో మరొకటి కలపండి. ఎంత కనబడుతుందో నన్నే అడగండి. రోజుకొక రకంగా, వెలుతురుకొక రకంగా ఉంటుంది కాబట్టి నిన్న అడిగినా ఇవాళ మళ్ళీ అడగవచ్చు.

వేణువనం
నాలుగు రోజులు ఆలస్యంగా రాస్తున్నాను. అందరి మాటలూ చదివాక నా సహోద్యోగి దగ్గరకు వెళ్ళి, కారణం అడగకుండా నొచ్చుకున్నందుకు క్షమాపణ చెప్పాను. పాతపుస్తకం గారు ఊహించినదే ఆమె భయం. వెనుకటి ఉద్యోగంలో ఇలాంటి కార్యక్రమం జరిగిన వారం తరువాత ఆమె చేతిలోని పనిని "మీకెందుకు శ్రమ" అంటూ ఇంకొకరికి అప్పగించారట.

కార్యక్రమాన్ని ఇప్పుడు ఆమే రూపొందిస్తున్నారు. ఎవరూ కళ్ళు మూసుకోరు. రెండు చేతులూ దూరే రంధ్రాలున్న అట్టపెట్టెలో ఒక వస్తువు ఉంటుంది. తాకుతున్నవారు దాని పేరు చెప్పకుండా, చేతికి ఏది ముందు తెలిసిందో ఏది తరువాత తెలిసిందో ఆ వరుసలోనే చెప్పాలి, రెండోవారు విని బొమ్మ గీయాలి. ఆ తరువాత వసారాలో కర్ర చప్పుడు వింటూ నడక. చేతికర్ర గారు చెప్పిన తలుపు సంగతి ఆమెకు చదివి వినిపిస్తే, మా వసారాలో అలాంటి చోట్లు ఐదున్నాయని వెంటనే చెప్పారు. నేను అక్కడ రోజూ నడుస్తున్నాను. చివరి అరగంట ప్రశ్నలకు, సొరంగం గారిలా కొంత చూపున్న ఒకరిని కూడా పిలుస్తున్నాం.

నిన్న పెట్టె తయారుకాగానే మొదట నన్నే కూర్చోబెట్టారు. చేతులు లోపల పెట్టి, "చల్లగా ఉంది, సన్నగా ఉంది, ఇనుము" అని ఆగిపోయాను. "వేలు ఆపకండి" అన్నారామె. అంచు వెంబడి నెమ్మదిగా జరిపితే చిన్న చిన్న నొక్కులు తగిలాయి, ఒకటి లోతుగా, రెండు పైపైన, మళ్ళీ ఒకటి లోతుగా. అది నా బల్ల సొరుగు తాళంచెవి. నా బల్ల మీది నుంచే తీసి పెట్టారట.

ఆరుచుక్కలు
తాళంచెవి మంచి ఎంపిక. తరువాతివారికి మాత్రం రెండు తాళంచెవులు పెట్టమనండి, దాదాపు ఒకేలా ఉన్నవి.